గ్యాంగ్‌స్టర్ సినిమాలో విలన్ ఎక్కడుంటాడు? కథనానికీ ఎదురు శక్తులకూ ఉన్న లంకె

గ్యాంగ్‌స్టర్ సినిమా ఏది వచ్చినా రెండు ఫిర్యాదులు తప్పకుండా వినిపిస్తాయి. ఒకటి ‘విలన్ వీక్ అయిపోయాడు’. ఇంకొకటి ‘రౌడీని పట్టుకొచ్చి హీరోని చేశారు’. పైకి ఈ రెండింటికీ సంబంధం లేనట్టే ఉంటుంది కానీ రెండూ ఒకే చిక్కులోంచి పుట్టాయి. హీరో మంచివాడు, అతనికి అడ్డొచ్చేవాడు చెడ్డవాడు అనే లెక్క మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. కథ నడిపేవాడే నేరస్థుడైనప్పుడు కూడా అదే లెక్కతో విలన్ కోసం వెతుకుతాం. పక్క ముఠా నాయకుడు కనిపిస్తాడు. వీడే విలన్ అనుకుంటాం. సినిమా సగంలోనే వాడు చచ్చిపోతాడు. ఆ తర్వాత కథ ఎదురూ బెదురూ లేకుండా సాగుతున్నట్టు అనిపించి చిరాకు పడతాం.

ఎదురు ఉంటుంది, కానీ వేరే చోట ఉంటుంది. గ్యాంగ్‌స్టర్ చేతిలో తుపాకీ ఉంది, వాడడానికి మొహమాటం లేదు. కాబట్టి కాల్చి వదిలించుకోగలిగిన మనిషి అతనికి ఒకటి రెండు రీళ్ల పాటే అడ్డు. కాల్చి వదిలించుకోలేనిది ఏమిటి, అది కథలో ఎప్పుడు వచ్చి ఎదురు నిలబడుతుంది? ఈ రెండు ప్రశ్నలు చేతిలో పెట్టుకుని చూస్తే, ఒకేలా కనిపించే ఈ సినిమాలు ఎంత వేర్వేరుగా అల్లినవో తెలుస్తుంది.

కథ వేరు, కథనం వేరు

‘కథ పాతదే, కథనం బాగుంది’ అని రివ్యూల్లో తరచూ చదువుతుంటాం. కథ అంటే జరిగినవన్నీ జరిగిన వరుసలో: పుట్టాడు, పెరిగాడు, ముఠాలో చేరాడు, చచ్చాడు. కథనం అంటే దాన్ని మనకు చెప్పే తీరు. ఎక్కడ మొదలుపెట్టారు, ఎవరి గొంతుతో చెప్పించారు, ఏది చివరిదాకా దాచారు, దేనికి పది నిమిషాలిచ్చి దేన్ని ఒక్క కట్‌లో దాటేశారు అన్నవన్నీ కథనం కిందికే వస్తాయి.

ఈ తేడా చూపించడానికి సెర్జియో లియోనీ తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ అమెరికా’ (1984) కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. న్యూయార్క్ యూదుల పేటలో కలిసి పెరిగిన నూడుల్స్, మాక్స్ అనే ఇద్దరు స్నేహితుల కథ ఇది. 1933లో మద్యనిషేధం ముగిసిపోతున్న రోజుల్లో, మాక్స్ పిచ్చి సాహసానికి దిగి చచ్చిపోతాడన్న భయంతో నూడుల్స్ పోలీసులకు సమాచారం ఇస్తాడు. స్నేహితులు చనిపోయారని తెలుస్తుంది. ఊరు విడిచి పారిపోతాడు. 35 ఏళ్ల తర్వాత, 1968లో, ముసలివాడై తిరిగొస్తాడు. సినిమా ఈ వరుసలో సాగదు. 1933లో మొదలై, 1968కి దూకి, అక్కడి నుంచి చిన్నతనానికి వెళ్తుంది. అలా మూడు కాలాల మధ్యా తిరుగుతూనే ఉంటుంది. మొదట్లోనే ఒక ఫోన్ ఆగకుండా మోగుతుంది. ఒక సన్నివేశం అయిపోయి ఇంకోటి మొదలైనా ఆ మోత ఆగదు. అది తను చేసిన ఫోన్ గుర్తుకొచ్చి అతని తలలో మోగుతున్న చప్పుడని మెల్లగా అర్థమవుతుంది.

యూరప్‌లో ఈ సినిమా 229 నిమిషాల నిడివితో విడుదలైంది. అమెరికాలో 139 నిమిషాలకు కత్తిరించి, సన్నివేశాలను కాలక్రమంలో పేర్చి విడుదల చేశారు. అక్కడ ఆడలేదు. తీసిన సన్నివేశాలు అవే, నటులు వాళ్లే, కథా అదే. పోయిందేమిటి? పూర్తి సినిమాలో నూడుల్స్‌కు ఎదురు నిలిచింది అతని జ్ఞాపకమే. ఒక ఫోన్ కాల్ బరువు మోస్తూ 35 ఏళ్లు బతికిన మనిషి, ఆ బరువు నిజమా అబద్ధమా అని తెలుసుకోవడానికి వచ్చాడు. వరుసలో పేర్చగానే జ్ఞాపకానికి చోటు లేకుండా పోయింది. జరిగినవి ఒకదాని తర్వాత ఒకటి జరిగిపోయాయి, చచ్చిపోయాడనుకుంటే బతికే ఉన్న మాక్స్ చివరికి ఒక మోసగాడైన స్నేహితుడిగా మిగిలాడు. అంటే, సన్నివేశాల వరుస మారితే నాయకుడికి ఎదురు నిలిచేది కూడా మారిపోతుంది. ఈ వ్యాసంలో మిగతాదంతా ఈ ఒక్క మాటకు విస్తరణే.

నాయకుడి కుర్చీలో ప్రతినాయకుడు

ఇంకో రెండు మాటలు స్పష్టం చేసుకోవాలి. ప్రధాన పాత్ర అంటే కథ ఎవరి కోరికతో నడుస్తుందో ఆ మనిషి. మంచివాడై ఉండాలన్న షరతు లేదు. ఎదురు శక్తి అంటే ఆ కోరికకు అడ్డుపడేది. అది మనిషే కానక్కర్లేదు. చట్టం కావచ్చు, ఇంట్లో వాళ్ల మాట కావచ్చు, గతం కావచ్చు, ముఠా కట్టుబాటు కావచ్చు, అతని స్వభావమే కావచ్చు. ‘విలన్’ అన్న మాటలో చెడ్డతనం ఇమిడి ఉంది కాబట్టే ఇక్కడ అది పనికిరాదు. ‘ద గాడ్‌ఫాదర్’లో మైఖేల్ కార్లియోనీకి అడ్డుచెప్పే భార్య కే విలన్ కాదు కదా.

మన అలంకారశాస్త్రంలో దీనికి పనికొచ్చే సంగతి ఒకటుంది. పదో శతాబ్దానికి చెందిన ధనంజయుడి ‘దశరూపకం’ ప్రతినాయకుడి గుణాలు చెబుతూ లోభి, ధీరోద్ధతుడు, మొండివాడు, పాపం చేసేవాడు, వ్యసనపరుడు అని వర్ణిస్తుంది. గ్యాంగ్‌స్టర్ పాత్రలను ఒక్కొక్కటే గుర్తు చేసుకోండి. ఈ జాబితా అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. ప్రతినాయకుడి లక్షణాలన్నీ ఉన్న మనిషిని తెచ్చి నాయకుడి కుర్చీలో కూర్చోబెట్టడమే ఈ తరహా సినిమా చేసే మొదటి పని. ఖాళీ అయిన ప్రతినాయకుడి కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నదే అసలు సమస్య.

డిటెక్టివ్ కథకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. డిటెక్టివ్ కథలో నేరం ముందే జరిగిపోతుంది, కథనం వెనక్కి తవ్వుకుంటూ పోతుంది. దోపిడీ సినిమాలో ఒక్క పని ఉంటుంది: ప్లాన్ వెయ్యాలి, కొట్టాలి, తప్పించుకోవాలి. గ్యాంగ్‌స్టర్ సినిమాలో నేరం ఒక ఉద్యోగం, ఒక వ్యాపారం. పైన బాస్ ఉంటాడు, కింద మనుషులుంటారు, ఏరియా ఉంటుంది, వాటాలుంటాయి, ప్రమోషన్ ఉంటుంది. అందుకే ఈ కథలు ఒక సంఘటన చుట్టూ కాకుండా ఒక జీవితం పొడవునా సాగుతాయి.

మెట్లెక్కి జారిపడే కథ: 1930ల అచ్చు

అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం నడిచింది. దొంగసారా వ్యాపారం ముఠాలను కోటీశ్వరుల్ని చేసింది. మాటల సినిమా అప్పుడే వచ్చింది కాబట్టి తుపాకీ చప్పుడూ కారు టైర్ల కీచుమోతా తెరమీద కొత్తగా వినిపించాయి. ‘లిటిల్ సీజర్’, ‘ద పబ్లిక్ ఎనిమీ’ 1931లో, ‘స్కార్‌ఫేస్’ 1932లో వచ్చి ఈ తరహాకు ఒక అచ్చు వేశాయి. ఏమీ లేనివాడు ముఠాలో చేరతాడు, పైవాణ్ని తొలగించి ఒక్కో మెట్టూ ఎక్కుతాడు, మెట్టు ఎక్కినప్పుడల్లా కోటు మారుతుంది, ఇల్లు మారుతుంది, చివరికి రోడ్డు మీద దిక్కులేని చావు చస్తాడు. ‘స్కార్‌ఫేస్’లో ఈ గీతంతా ఒక్క బోర్డులో ఉంది. ‘ప్రపంచం నీదే’ అని వెలిగే ప్రకటన చూసి టోనీ కమాంటే మురిసిపోతాడు. అతను చచ్చి పడి ఉన్నప్పుడు కూడా అది వెలుగుతూనే ఉంటుంది.

ఈ అచ్చులో ఎదురు శక్తి చాలా తేలిక, పోలీసులూ పక్క ముఠాలే అని చాలామంది అంటారు. ‘ద పబ్లిక్ ఎనిమీ’ని దగ్గర నుంచి చూస్తే అలా అనిపించదు. జేమ్స్ కాగ్నీ వేసిన టామ్ పవర్స్‌కు మైక్ అనే అన్న ఉన్నాడు. ట్రామ్ కండక్టరుగా పనిచేస్తూ రాత్రి బడికి వెళ్లే మనిషి, యుద్ధానికి వెళ్లి గాయపడి వచ్చినవాడు. తమ్ముడు తెచ్చిన బీరు పీపా ఇంట్లో భోజనాల బల్ల మీదే ఉంటుంది. అందులో మనుషుల రక్తం ఉందని మైక్ దాన్ని ఎత్తి విసిరేస్తాడు. టామ్ ఊరందరినీ బెదిరించగలడు కానీ ఈ అన్న చేత ఒక్క గ్లాసు తాగించలేడు.

ఇక ముగింపు. గాయపడి ఆసుపత్రిలో ఉన్న టామ్ ఇంటికి వస్తున్నాడని ఫోన్ వస్తుంది. తల్లి మేడ మీద కూనిరాగం తీస్తూ పక్క సర్దుతుంటుంది, కింద గ్రామఫోన్ మీద పాట తిరుగుతుంటుంది. తలుపు చప్పుడవుతుంది. మైక్ తలుపు తీస్తాడు. కట్లతో, తాళ్లతో చుట్టేసిన టామ్ ఒక్క క్షణం నిలబడినట్టే ఉండి, బోర్లా ఇంట్లోకి పడిపోతాడు. పాట ఇంకా తిరుగుతూనే ఉంటుంది. చంపింది పక్క ముఠా. ఆ చంపడం మాత్రం మనకు చూపించరు. కథనం దృష్టిలో అది ముఖ్యం కాదు కాబట్టే చూపించలేదని నా నమ్మకం. కెమెరా ఎక్కడ ఉందో చూడండి: ఇంట్లో, కొడుకు కోసం పరుస్తున్న దుప్పటి దగ్గర. టామ్ ఎప్పటికీ గెలవలేకపోయింది ఆ ఇంటినే.

అచ్చులో పతనం తప్పనిసరి కావడానికి బయటి ఒత్తిడి కూడా ఉంది. హాలీవుడ్ నిర్మాణ నియమావళిని 1930లో రాసుకున్నారు, 1934 నుంచి గట్టిగా అమలు చేశారు. ప్రేక్షకుడి సానుభూతి నేరస్థుడి వైపు వెళ్లకూడదన్నది అందులో ఒక నియమం. ‘స్కార్‌ఫేస్’కు సెన్సార్ కోసం ఇంకో ముగింపు కూడా తీశారు. అందులో టోనీని కోర్టు విచారించి ఉరి తీస్తుంది. 1935లో ‘జీ మెన్’ వచ్చేసరికి అదే కాగ్నీ ప్రభుత్వ ఏజెంటుగా అదే తుపాకీ పట్టుకుని కనిపించాడు. ఎదురు శక్తిని తీసుకొచ్చి నాయకుణ్ని చేసేశారన్నమాట.

హోటల్ బల్ల దగ్గర మారిపోయిన అచ్చు

‘ద గాడ్‌ఫాదర్’ (1972) గురించి ఎంతో రాశారు. ఇక్కడ మనకు కావలసింది అందులో ఒక్క సన్నివేశం.

సినిమా మొదట్లో పెళ్లి జరుగుతున్నప్పుడు మైఖేల్ తన ప్రేయసి కేకి, మాఫియా డాన్ అయిన తండ్రి పద్ధతులు వివరించి, అది మా కుటుంబం, నేను కాదు అంటాడు. పాత అచ్చులో నాయకుడి కోరిక పైకెక్కడం. మైఖేల్ కోరిక దూరంగా ఉండడం. ఆ కోరికకు ఎదురు నిలిచేది ఏమిటో ఇప్పుడు వెతకాలి. తండ్రి మీద కాల్పులు జరిగాక అతను సొలోజో అనే మాదకద్రవ్యాల వ్యాపారినీ, మెక్‌క్లస్కీ అనే పోలీసు కెప్టెన్‌నూ ఒక చిన్న హోటల్‌లో కలుస్తాడు. బాత్రూంలో తుపాకీ దాచి ఉంచారు. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. 1930ల సినిమాలో ఎదురెదురుగా ఉండాల్సిన పోలీసు, ముఠా మనిషి ఇక్కడ ఒకే పక్షాన పక్కపక్కనే ఉన్నారు. చట్టం అనే ఎదురు శక్తి ఆ బల్ల దగ్గరే చెల్లిపోయింది.

మైఖేల్ బాత్రూంకి వెళ్లి వచ్చి కూర్చుంటాడు. సొలోజో ఇటాలియన్‌లో ఏదో చెబుతూనే ఉంటాడు, కింద సబ్‌టైటిల్స్ వెయ్యరు. మనకు అర్థం కాదు, అర్థం కావాల్సిన పనీ లేదు. కెమెరా మైఖేల్ ముఖం మీదే ఉంటుంది. కళ్లు అటూ ఇటూ కదులుతుంటాయి. బయట రైలు చప్పుడు పెరిగి పెరిగి మాటల్ని మింగేస్తుంది. అప్పుడు లేచి కాలుస్తాడు. ఆ కొన్ని క్షణాల పోరాటంలో అవతలి పక్షం సొలోజో కాదు. పెళ్లిలో ‘నేను కాదు’ అన్న మైఖేలే. ఆ మైఖేల్ ఓడిపోయాడు. అందుకే ఈ సన్నివేశం ఒక శత్రువును చంపినట్టుగా కాక ఏదో పోగొట్టుకున్నట్టుగా అనిపిస్తుంది.

ఇక్కడి నుంచి కథనం రెండు గీతలుగా సాగుతుంది. బయటి గీత పైకి పోతుంది: బాప్టిజం జరుగుతుండగా శత్రువులందరూ చస్తారు, కొత్త డాన్ చేతిని ముద్దు పెట్టుకుంటారు. లోపలి గీత కిందికి పోతుంది: భార్యకు కళ్లలోకి చూస్తూ అబద్ధం చెబుతాడు, ఆమె ముఖం మీద తలుపు మూసుకుంటుంది. జారిపడడం లేకుండానే పతనం చూపించిన ఈ పద్ధతి తర్వాతి సినిమాలన్నింటికీ దారి వేసింది. రెండో భాగం (1974) ఇంకో అడుగు వేసి, 1901లో అమెరికాలో అడుగుపెట్టిన తండ్రి ఇల్లు కట్టుకున్న కథనూ, కొడుకు అదే ఇంటిని కూల్చుకున్న కథనూ మార్చి మార్చి చూపించింది. అక్కడ మైఖేల్‌కు ఎదురు నిలిచింది తండ్రి జ్ఞాపకం. 1977లో టీవీ కోసం రెండు భాగాలనూ కాలక్రమంలో కలిపి ప్రసారం చేసినప్పుడు ఆ పోలిక చెదిరిపోయింది. లియోనీ సినిమాకు జరిగినంత నష్టం కాదు గానీ, కారణం అదే.

గొంతు నాయకుడిదే అయినప్పుడు

మార్టిన్ స్కోర్సేసీ ‘గుడ్‌ఫెల్లాస్’ (1990) చాలామందిని అయోమయంలో పెట్టే సినిమా. ప్రధాన పాత్ర హెన్రీ హిల్‌కు పెద్ద శత్రువు ఎవరూ లేరు. సినిమా 1970లో, కారు డిక్కీలోంచి వస్తున్న దబదబ చప్పుడుతో మొదలవుతుంది. లోపలున్న మనిషి ఇంకా చావలేదు. వాళ్లు డిక్కీ తెరిచి చంపేస్తారు. హెన్రీ డిక్కీ మూత వేస్తుండగా, చిన్నప్పటి నుంచీ గ్యాంగ్‌స్టర్ కావాలనే కోరుకున్నానని అతని గొంతే చెబుతుంది. అక్కడి నుంచి కథ 1955కి వెళ్తుంది.

ఈ వరుస ఎంత ఆలోచించి పెట్టిందో గమనించాలి. 1955లోనే మొదలుపెట్టి ఉంటే ఆ కుర్రాడి సంబరంలో మనమూ కొట్టుకుపోయేవాళ్లం. డిక్కీలో ఉన్న మనిషిని ముందే చూశాం కాబట్టి హెన్రీ గొంతు ఎంత తియ్యగా ఉన్నా పూర్తిగా నమ్మలేం. ఇక్కడ గొంతుకు ఎదురు బొమ్మ నిలబడింది. చెవికి ఒక మాట, కంటికి ఇంకో మాట.

చివర్లో 1980 మే 11, ఒక ఆదివారం. తెరమీద టైము పడుతుంటుంది. హెన్రీ తుపాకులు అమ్మాలి, కొకైన్ సరుకు పంపాలి, రాత్రి భోజనానికి టమాటా సాస్ కూడా వండాలి. సాస్ అడుగంటకుండా కలుపుతుండమని తమ్ముడికి పదే పదే చెబుతాడు. పైన హెలికాప్టర్ తిరుగుతోందని అనుమానం. పాటలు సగం సగం మోగి మారిపోతుంటాయి, కట్‌లు తరుముకొస్తుంటాయి. సాస్, సరుకు, హెలికాప్టర్ అన్నీ అతని తలలో ఒకే బరువుతో ఉన్నాయి. చూస్తుంటే మనకే టెన్షన్ వస్తుంది. పోలీసులు పట్టుకునేసరికి అతను ఎప్పుడో ఓడిపోయాడు. ఆ తర్వాత చావు కూడా లేదు. సాక్షిగా మారి, ప్రభుత్వ రక్షణలో, ఎవరికీ తెలియని ఊళ్లో అందరిలాంటి ఇంట్లో, అందరిలాంటి మనిషిగా బతకాలి. అతను మొదటి నుంచీ పారిపోయింది ఆ మామూలు బతుకు నుంచే. కాల్చడానికి వీల్లేని శత్రువు అంటే అదే.

కారణం చెప్పే ‘నాయకన్’, కారణం చెప్పని ‘సత్య’

మన దగ్గరి రెండు సినిమాలు పక్కపక్కన పెడితే ఇంకో తేడా కనిపిస్తుంది. మణిరత్నం ‘నాయకన్’ (1987) బాల్యంతో మొదలవుతుంది. కార్మిక నాయకుడైన తండ్రిని పోలీసులు చంపుతారు, వేలు అనే ఆ పిల్లవాడు పోలీసును పొడిచి బొంబాయికి పారిపోతాడు. తర్వాత పెంచిన తండ్రి కూడా పోలీసుల చేతుల్లోనే పోతాడు. అందుకు కారణమైన ఇన్‌స్పెక్టర్ కేల్కర్‌ను వేలు నాయకర్ చంపుతాడు. ఇక్కడిదాకా ఎదురు శక్తి చట్టమే, మన సానుభూతి అంతా వేలు వైపే. రెండో సగంలో సినిమా ఆ లెక్కను మెల్లగా తిప్పేస్తుంది. భార్య పోతుంది, కొడుకు పోతాడు. నువ్వు చేసేది తప్పు అని ఎదురు నిలబడి అడిగేది కూతురు. అరెస్టు చెయ్యడానికి వచ్చిన పోలీసు అధికారి ఆ కూతురి భర్త. చంపేది కేల్కర్ కొడుకు, వేలు ఇంటి నీడలోనే పెరిగిన మతిస్థిమితం లేని కుర్రాడు. కోర్టు నిర్దోషి అని వదిలేసిన మనిషిని ఆ కుర్రాడు కాలుస్తాడు. చట్టం చెయ్యలేని పని వేలు చేసిన పాత హత్యే తిరిగొచ్చి చేసింది. బాల్యం చూపించకపోతే ఈ తిరుగు ప్రయాణానికి అర్థం ఉండేది కాదు.

రాంగోపాల్ వర్మ ‘సత్య’ (1998) దీనికి పూర్తిగా వేరే దారి. సత్య ఎవరో, ఎక్కణ్నుంచి ముంబై వచ్చాడో చెప్పరు. ఫ్లాష్‌బ్యాక్ లేదు. కారణం లేదు కాబట్టి జాలిపడే వీలూ, సమర్థించే వీలూ ఉండదు. గతం లేని మనిషికి గతం ఎదురు తిరగదు కూడా. మరి ఏం ఎదురు తిరుగుతుంది? పక్కింటి విద్య. ఆమెకు అతను చేసే పని తెలియదు. ముఠా గొడవలన్నీ తెరనిండా జరుగుతుంటే అసలు ప్రమాదం ఒక చిన్న అబద్ధంలో పెరుగుతూ ఉంటుంది. తన ముఠా నాయకుడూ స్నేహితుడూ అయిన భీకూ మాత్రేను చంపిన రాజకీయ నాయకుడు భావూను సత్య గణపతి నిమజ్జనం గుంపులో చంపేస్తాడు. విలన్ లెక్క ప్రకారం సినిమా అక్కడితో అయిపోవాలి. అవ్వదు. నెత్తురు కారుతున్న ఒంటితో విద్య తలుపు దగ్గరికి వస్తాడు. ఇప్పుడు అతనికి ఎదురు నిలిచింది ఆ తలుపే.

సలీం–జావేద్ రాసిన ‘దీవార్’ (1975)లో విజయ్ చేతి మీద, తండ్రి దొంగ అని చిన్నప్పుడు ఎవరో పొడిచిన పచ్చబొట్టు కూడా ఇలాంటిదే. భవనాలు కొన్నాడు, కార్లు కొన్నాడు, ఆ అక్షరాలను మాత్రం చెరపలేకపోయాడు.

అద్దంలో నిలబడ్డ ఇద్దరు

ఎదురు శక్తిని సరిగ్గా సమానంగా నిలబెట్టిన సినిమా హాంకాంగ్ నుంచి వచ్చిన ‘ఇన్‌ఫర్నల్ అఫైర్స్’ (2002). ముఠాలో ఒక పోలీసు, పోలీసుల్లో ఒక ముఠా మనిషి. ఎవరి దగ్గర ఎవరు గూఢచారో కనిపెట్టే పని ఆ ఇద్దరి మీదే పడుతుంది. ఇద్దరూ ప్రధాన పాత్రలే, ఇద్దరూ ఒకరికొకరు ఎదురు శక్తులే. దీన్ని స్కోర్సేసీ బోస్టన్ నేపథ్యంతో ‘ద డిపార్టెడ్’ (2006)గా తీశాడు, ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది.

రెండింటి కథా దాదాపు ఒకటే. ముగింపు వేరు. హాంకాంగ్ సినిమాలో నిజమైన పోలీసు చనిపోతాడు, పోలీసు వేషంలో ఉన్న ముఠా మనిషి బతికిపోతాడు. చైనీస్ పేరు బౌద్ధంలోని అవీచి నరకాన్ని గుర్తుచేస్తుంది, అంటే విరామం లేని నరకం. మంచివాడిగా బతకాలని కోరుకుని, మంచివాణ్ని పోగొట్టుకుని, ఆ అబద్ధంలోనే ఉండిపోవడం అతని శిక్ష. అమెరికన్ సినిమాలో ఆ మనిషిని ఇంట్లోకి అడుగుపెట్టగానే ఇంకో పోలీసు కాల్చేస్తాడు. ప్రేక్షకుడికి లెక్క సరిపోయిందన్న తృప్తి ఉంటుంది. చైనా ప్రధాన భూభాగంలో విడుదలైన హాంకాంగ్ సినిమాకు కూడా ఆ మనిషి అరెస్టయ్యే ముగింపు పెట్టారు. ఏది మెరుగన్న వాదన ఈనాటికీ ఉంది. నేను హాంకాంగ్ వైపే ఉంటాను: అంతసేపూ లోపలి నరకం గురించి చెప్పి చివర్లో బయటి తూటాతో ముగిస్తే, అప్పటిదాకా కట్టిన ఎదురు శక్తి మారిపోయినట్టు అనిపిస్తుంది. తూటా లేకపోతే చూసినవాడికి తీరని వెలితి మిగులుతుందన్న వాదనలోనూ బలం ఉంది. కోల్పోయిన ప్రాణాలకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలని కోరుకోవడం తప్పేం కాదు.

పతనం నిజంగా శిక్షేనా?

‘రౌడీని హీరోని చేశారు’ అన్న ఫిర్యాదుకు ఇప్పుడు రావచ్చు. ఈ వాదన చేసేవాళ్ల దగ్గర గట్టి ఆధారమే ఉంది. పతనం చివరి పావుగంటలో వస్తుంది, అంతకు ముందు సినిమా అంతా ఎలివేషనే. 1983లో బ్రయన్ డి పాల్మా తీసిన ‘స్కార్‌ఫేస్’ దీనికి సాక్ష్యం. టోనీ మోంటానా చెల్లెల్ని, స్నేహితుణ్ని పోగొట్టుకుని నీళ్లలో శవమై తేలతాడు. అయినా తర్వాతి తరాల కుర్రాళ్లు గోడల మీద పెట్టుకున్నది అతని పోస్టరే. హిప్‌హాప్ పాటలు ఎత్తుకున్నది అతని ఎదుగుదలనే.

దీనికి ఎదురుగా అమెరికన్ విమర్శకుడు రాబర్ట్ వార్షో 1948లో చేసిన వాదన ఉంది. గ్యాంగ్‌స్టర్‌ను అతను విషాద నాయకుడిగా చూశాడు. గెలవడం అంటే గుంపులోంచి బయటికొచ్చి ఒంటరిగా నిలబడడం, ఒంటరిగా నిలబడ్డవాడు దొరికిపోవడం ఖాయం, గెలవకపోతే మాత్రం బతుక్కి విలువ లేదు: ఈ ఉచ్చు గెలవాలని చెప్పే సమాజంలో అందరికీ ఉన్నదే. గ్యాంగ్‌స్టర్ చావు చూస్తూ ప్రేక్షకుడు తన సొంత భయాన్నే చూసుకుంటాడని అతని ఉద్దేశం. అలా చూస్తే పతనం చివర్లో అతికించింది కాదు, మొదటి మెట్టులోనే ఉంది.

ఈ రెండు వాదనల్లో ఒకటి నిజం, ఇంకోటి అబద్ధం అనుకోను. ఏ సినిమాకు ఆ సినిమాను చూడాలి. చూడాల్సిన చోటు కథ కాదు, కథనం. దెబ్బ పడినప్పుడు కెమెరా కొట్టేవాడి భుజం మీద ఉందా, పడ్డవాడి ముఖం మీద ఉందా? హత్య జరిగాక కథనం ఆగి ఆ ఇంటికి వెళ్తుందా, తర్వాతి పాటలోకి దూకుతుందా? ఒక్కడే చస్తే జాలి సంగీతం, పదిమంది చస్తే డప్పుల మోత అన్నట్టు ఉంటే మొదటి వాదనే నెగ్గుతుంది.

ఒక్కడు చస్తే తీరని ఎదురు

ఇక మిగిలింది, ఎదురు శక్తి మనిషీ కాక, మనసూ కాక, ఒక వ్యవస్థే అయిన సినిమాలు. జపాన్‌లో కింజి ఫుకసాకు ‘బ్యాటిల్స్ వితౌట్ హానర్ అండ్ హ్యుమానిటీ’ (1973) అణుబాంబు పొగమేఘం ఫొటోతో మొదలై, యుద్ధం తర్వాతి బ్లాక్ మార్కెట్‌లోకి దిగుతుంది. అంతకు ముందు యాకుజా (జపాన్ నేర ముఠాల) సినిమాల్లో బాస్ పట్ల విధేయతే ధర్మం. ఇక్కడ ఆ ధర్మాన్నే వాడుకుని బాస్ కుర్రాళ్లను ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పుతాడు. చచ్చినవాడి పేరు తెరమీద పడుతుంది, కథ ముందుకు పోతుంది. పాత్రలు గుర్తుండడం లేదని చాలామంది అంటారు. ఇన్ని పేర్లు గుర్తుపెట్టుకోవడం కష్టమనిపించడంలోనే సినిమా చెప్పదలచుకున్నది ఉంది.

‘గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్’ (2012) రెండు భాగాల్లో మూడు తరాలు నడుస్తుంది. తాతను చంపించిన రామధీర్ సింగ్ మీద పగ కొడుక్కీ, మనవడికీ ఆస్తిలా అందుతుంది. మనవడు ఫైజల్ చివరికి అతన్ని చంపుతాడు, ఆ వెంటనే ఫైజల్‌ను సవతి తమ్ముడు చంపుతాడు. ఒక్క నాయకుడి ఎక్కడం దిగడం గీతతో ఇంత పొడవు కథ నిలవదు. పగే ప్రధాన పాత్ర అయింది, మనుషులు దాన్ని మోసేవాళ్లయ్యారు.

బ్రెజిల్ సినిమా ‘సిటీ ఆఫ్ గాడ్’ (2002) కథ చెప్పే గొంతును ముఠా బయట పెట్టింది. ఫొటోగ్రాఫర్ కావాలనుకునే రాకెట్ అనే కుర్రాడు చెబుతాడు. తప్పించుకున్న ఒక కోడి వెంట ముఠా అంతా పరిగెత్తడంతో సినిమా మొదలవుతుంది. ఆ పరుగు చివర రాకెట్ ముఠాకూ పోలీసులకూ సరిగ్గా మధ్యలో చిక్కుకుంటాడు. కథ అక్కడ ఆగి వెనక్కి వెళ్లి, ఏళ్ల తరబడి తిరిగి, మళ్లీ అదే చోటికి వస్తుంది. అప్పటికి లిల్ జే అనే డాన్ ఎలా తయారయ్యాడో మనకు తెలుసు, అతని అంతం కోసం ఎదురుచూస్తుంటాం. అంతం వస్తుంది. చంపింది పోలీసులు కాదు, శత్రు ముఠా కూడా కాదు. పేటలో తిరిగే చిన్న పిల్లలు. తుపాకులు అతనే ఇచ్చాడు. లిల్ జేను కాల్చేసి ఆ పిల్లలు ఇరుకు సందులోంచి నడుచుకుంటూ వెళ్తారు. ఇక ఈ ఏరియా మనదే అనుకుంటారు. తర్వాత ఎవరెవర్ని చంపాలో పేర్లు చెప్పుకుంటూ, వాటిని రాసిపెట్టుకోవడానికి తమలో ఎవరికి రాయడం వచ్చో అడుగుతుంటారు.